నడిమయ్యగారి లెక్క

ఇంట్లోవాళ్ళు ఆయనకు పెట్టిన పేరు నడిమయ్య. గ్లాసు బల్ల అంచున ఉంటే ఆయనకు ముద్ద దిగేది కాదు. నట్టనడుమకు జరిపాకే తినేవారు. ఆయన పోయాక భార్యకు ఊరికే గుర్తొచ్చేది ఆ జరిపే చెయ్యే.

ఆయన పనంతా కంప్యూటర్లో. అయస్కాంతంలా ఉంటూనే, లోపలి విద్యుత్తును కూడా ఒక వైపుకు మొగ్గించి దాచుకునే ఆక్సైడ్లు కొన్ని ఉంటాయట. చాలా అరుదు. అలాంటిదే అనుకుని శిష్యురాలు ఫర్నేసు ముందు చెమటోడ్చి ఓ బిళ్ళ తయారుచేసింది. అందులో ఆ రెండు గుణాలూ ఉంటాయో లేదో పరమాణువుల లెక్క కట్టి ఆయన చెప్పాలి. లేవంటే ఆ పిల్ల పడ్డ పాటంతా బుట్టదాఖలే.

లేవన్నారు. బిళ్ళ పారెయ్యమన్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్ల ముక్కు ఎర్రగా చేసుకుని ఇంటికే వచ్చేసింది.

"మీటర్లో విద్యుత్తు కనిపించింది సార్!"

"వైర్లు వదులై ఉంటాయమ్మా. అయస్కాంత గుణం ఉంది, కాదనను. విద్యుత్తు మాత్రం సున్నా."

"పిల్ల కూర్చోనైనా కూర్చోలేదు, అప్పుడే సున్నా చుట్టేశారా?" అంది భార్య టీ కప్పులు పెడుతూ.

"నేనెక్కడ చుట్టానే? కంప్యూటర్ చెప్పింది."

"లెక్క మొదట్లో ఇనుము పరమాణువును ఎక్కడ పెట్టారు సార్?"

"ఎక్కడేమిటి, సరిగ్గా నట్టనడు..."

చెవులదాకా ఎర్రబడ్డారు.

నట్టనడుమ కూర్చున్న పరమాణువును చుట్టూ ఉన్నవన్నీ సమానంగా లాగుతాయి. అది ఎటూ కదలదు. కదలకపోతే విద్యుత్తు సున్నాయే. వెంట్రుకవాసి పక్కకు నెట్టి వదిలితే తప్ప దాని మొగ్గు ఎటో తెలియదు. క్లాసులో ఏటా ఈ మాట చెప్పే మనిషే ఆయన!

భార్య నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

"నవ్వితే నవ్వావుగానీ, ఇంకో కప్పు టీ ఇవ్వు," అని గొణుక్కుంటూ ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

మర్నాటికి లెక్క తేలింది. కాస్త నెట్టిన పరమాణువు వెనక్కి రాలేదు. తనంతట తానే ఇంకొంచెం పక్కకు జారి కుదురుకుంది. ముఖమైనా కడుక్కోకుండా ఆయన ఫోనందుకున్నారు.

"రెండూ ఉన్నాయమ్మా. బిళ్ళ పారెయ్యకు."

"పారేసే ఉద్దేశం నాకెప్పుడూ లేదు సార్."

"మరి నిన్న ఆ ఏడుపెందుకు?"

"మీరు పారెయ్యమన్నారని."



"తప్పు నాదమ్మా. ఇవాళే ల్యాబులో అందరి ముందూ చెప్తాను."

అన్నట్టే వెళ్ళి చెప్పొచ్చి, ఆకలి దంచేస్తోందంటూ భోజనానికి కూర్చున్నారు. తినేముందు చెయ్యి మాత్రం అలవాటుగా గ్లాసును నట్టనడుమకు జరిపింది.