కాజిమిర్ బావకు దొరికిన పురుగు

మా అక్క వాండా మొగుడు కాజిమిర్ డ్యూడెక్ మంచివాడని ఊళ్లో ఎవరూ అనేవారు కాదు. పుల్లవిరుపు మాటలు, పెద్ద గొంతు, పిసినారితనం, అన్నీ ఉన్నాయి. కానీ రాళ్ల గొయ్యిలో మోకాళ్ల మీద కూర్చున్నాడంటే అతనికి సాటి వచ్చేవాడు అమెరికాలో మా ఈరీ సరస్సు ఒడ్డున ఇంకొకడు లేడు. మరదల్ని కదా అని నేను పొగడటం కాదు, ముప్ఫై ఏళ్లు అందరూ అన్నదే.

ఆ గొయ్యి ఒకప్పుడు సిమెంటు కంపెనీది. కావలసిన రాయి తవ్వుకుని వాళ్లు పోయారు. మిగిలిన బూడిదరంగు పలకరాయిలో ట్రైలోబైట్లు దొరుకుతాయి. రాక్షసబల్లులు పుట్టకముందే సముద్రం అడుగున పాకి, రాయైపోయిన జీవాలు. మేం వాటిని పురుగులంటాం. చాలావరకు గోరంత ఉంటాయి. కొన్ని, తాకితే ముడుచుకునే రోకలిబండలా ఉండచుట్టుకుని ఉంటాయి. అందరికీ అవే కావాలి. టికెట్టు కొంటే ఎవరైనా లోపలికెళ్లి దొరికినవి పట్టుకుపోవచ్చు, శనివారం వస్తే కార్లు రోడ్డు దాకా నిలిచేవి. నేను గేటు దగ్గర టికెట్లు చింపేదాన్ని. నా పేరు బెర్నడీన్, అందరికీ బెర్నీని.

ఉక్కు మిల్లు మూతపడ్డ ఏడాది బావ అక్కడికి రావడం మొదలుపెట్టాడు. మిల్లు తప్ప ఇంకో పని తెలియని నలభై అయిదేళ్ల మనిషిని ఎవడు పిలుస్తాడు? తాగుడు మరిగే బదులు రాళ్లు మరిగాడని అక్క సంతోషించింది. అతనికి సుత్తితో పని లేదు. వాన వెలిసిన పొద్దున్నే వచ్చి, కడిగినట్టున్న నేల మీద వంగి వేళ్లతో ఏరేవాడు. ఏరినదాన్ని నాలుకతో తడిపి చూసేవాడు. తడిస్తేనే గీతలు తేలతాయి. మా గొయ్యిలో పాతవాళ్లందరిదీ ఇదే అలవాటు. కొత్తగా వచ్చినవాళ్లు చూసి ఛీ ఛీ అంటారు.

బడి బస్సు వచ్చే రోజున పాతవాళ్లు తమ దగ్గరున్న మామూలు పురుగుల్ని ముందే నాలుగైదు నేల మీద చల్లుతారు. ఏ పసివాడూ ఉత్తచేతులతో పోకూడదని. పెద్దవాళ్లకు మాత్రం ఎవరూ చల్లరు. చల్లితే చెంప మీద కొట్టినట్టే.

అక్క పోయిన మూడో ఏట బావ కళ్లకు జబ్బు పట్టుకుంది. చూపు మధ్యలో మచ్చ. అంచులు కనిపిస్తాయి, చూడాలనుకున్నదే మాయమవుతుంది. ఇక తగ్గదని డాక్టరు చెప్పాక కారు తాళాలు నా చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి నేనే ఎక్కించుకుని వెళ్లేదాన్ని. మొదటి రెండేళ్లూ పక్కచూపుతో, వేళ్లతో ఎలాగో నెట్టుకొచ్చాడు. మూడో ఏడు ఏప్రిల్‌లో గేటు తెరిచిన దగ్గర్నుంచి ఒక్కటంటే ఒక్కటీ దొరకలేదు. చూస్తుండగానే అక్టోబరు వచ్చింది. నెలాఖరుకు చలికాలానికని గేటు మూసేస్తారు.

"బెర్నీ, మూసేలోపు ఒక్కటి నా అంతట నాకు దొరికితే వచ్చే ఏడూ వస్తా. లేదంటే ఇంట్లోనే పడుంటా," అన్నాడు, రొట్టెలో సాసేజి పెట్టుకుని నములుతూ.

"ఇంట్లో ఏం చేస్తావ్ బావా? గోడల్ని తిడతావా?"

"నిన్నే తిడతాలే. గోడలకు తిరిగి అరవడం చేతకాదు."

నవ్వాను గానీ, గొయ్యి లేకపోతే ఈ మనిషి మంచం పడతాడని నాకు తెలుసు.

నా దగ్గర ఉండచుట్టుకున్న పురుగు ఒకటి ఉంది, ఎన్నో ఏళ్ల కిందట నాకు దొరికింది. ఆఖరి శనివారం ముందు రోజు దాన్ని బయటికి తీశాను. దుమ్ము పట్టి ఉంటే పాత టూత్‌బ్రష్‌తో, గిన్నెల సబ్బుతో తోమాను. ఎంత మెరిస్తే అంత బాగా కంటికి ఆనుతుందనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది! మర్నాడు బావ పాకుతున్న వరసలో రెండడుగుల ముందు దాన్ని జారవిడిచి, ఏమీ ఎరగనట్టు గేటు దగ్గరికి వచ్చేశాను.

పావుగంటకు కేక వినబడింది. "బెర్నీ! ఒసేయ్ బెర్నీ!"

పరుగెత్తాను. చుట్టుపక్కల ఏరుకునేవాళ్లూ లేచి వచ్చారు. బావ దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. ముఖంలో అంత సంతోషం అక్కతో పెళ్లిరోజున కూడా చూడలేదు.

"ఉండచుట్టింది! ఎక్కడా విరగలేదు, వేలికి తెలుస్తోంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. మిల్లులో బావతో పనిచేసిన స్టాష్ మా పోలండు పెద్దల సామెత అందుకున్నాడు. "గుడ్డికోడికి గింజ దొరికిందిరోయ్!"

"నీకు రెండు కళ్లూ ఉండి ఏం దొరికిందిరా, పెంట?" అని బావ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే దాన్ని నాలుకకు తాకించాడు.

నవ్వు ఆగిపోయింది. మళ్లీ ఒకసారి నాకాడు. నాలుకకు తగిలింది నిమ్మకాయ గిన్నెల సబ్బు. పాతికేళ్లుగా ప్రతి ఆదివారం నా వంటింట్లో తిన్న మనిషికి ఆ సబ్బు ఎవరిదో చెప్పాలా? నావైపు తిరిగాడు. సూటిగా చూస్తే నేను కనిపించను కాబట్టి కాస్త పక్కకు చూశాడు. నలుగురికీ వినబడేలా "మంచిదే," అని జేబులో వేసుకున్నాడు.

కార్లో కూర్చున్నాక దాన్ని తీసి నా ఒళ్లో పెట్టాడు.

"నేను బడిపిల్లాణ్నటే?"

"నీ మేలు కోరే చేశాను బావా..."

"పోయినేడు సెప్టెంబర్‌లో దొరికిందే, అదీ నువ్వు వేసిందేనా?"

"అయ్యో, కాదు! అక్క మీద ఒట్టు. అది నీకు దొరికిందే."

"అంతకుముందు ఏడు దొరికిన మూడూ?"

"అవీ నీవే బావా. నమ్ము."

"ఎట్లా నమ్మమంటావే?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఏప్రిల్‌లో గేటు తెరిచిన రోజు వాళ్లింటి ముందు కారాపి హారన్ కొట్టాను. తలుపు తియ్యలేదు. మరో రెండేళ్లు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, మూడో చలికాలంలో పోయాడు.

అతని సొరుగులు సర్దింది నేనే. ప్రతి పురుగు కిందా చిన్న చీటీ, దొరికిన తేదీ, దొరికినవాడి పేరు. వందల చీటీల మీద కాజిమిర్ డ్యూడెక్ అనే ఉంది. చూపు మసకబారాక దొరికిన ఆ నాలుగింటి మీద మాత్రం తన పేరు కొట్టేసి, లావు పెన్నుతో, వంకరటింకర పెద్ద అక్షరాలతో, బెర్నడీన్ అని రాశాడు.