ముప్పై రోజుల కాగితం

కాలువ కట్ట కింద ఉన్న మా నలభై ఇళ్లను కూల్చొద్దని ఢిల్లీలోని పెద్ద కోర్టు చెప్పిందని తెలిసిన రోజు, నేరేడుచర్లలో మా వాడంతా పటాకులు కాల్చింది. ఓట్లు లెక్కపెట్టిన రోజు కాల్చినట్టే. ఎవరు గెలిచారన్నదే మాట. కోర్టు ఇంకేమన్నదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఆ తప్పు నాది కూడా.

పొద్దుగూకకముందే వాడ మొదట్లో రెండు ఫ్లెక్సీలు లేచాయి. మేమే కేసు వేయించామని ఒక పార్టీ. జడ్జీలు వాళ్ల మనుషులే, రేపు మాట మారుస్తారని ఇంకో పార్టీ మైకులో అరిచింది. పన్నెండు రోజులు ఇదే గోల. నాట్లకు పోయిన ఆడవాళ్లం గట్టు మీద సద్దులు కూడా రెండు గుంపులుగా కూర్చొని తిన్నాం. నా పక్కన నాటేసే మా వదిన నాతో మాట్లాడటమే మానేసింది.

పదమూడో రోజు ఆటోలో మిర్యాలగూడ వెళ్లి, మా కేసు చూసే వకీలు తెలుగులో రాయించిన రెండు పేజీలు తెచ్చుకున్నాను. యాభై దాటాక మహిళా సంఘంలో అక్షరాలు దిద్దినదాన్ని. ఆటో దిగేసరికి మొదటి పేజీ కూడా కాలేదు. ఇంటి గడపలో కూర్చొని, వేలు పెట్టి అది ముగించి రెండోది చదివాను. విచారణ ముగిసేదాకా కూల్చొద్దు. అయితే ప్రతి ఇంటివాళ్లు ఎన్నేళ్లుగా ఉంటున్నారో ఆధారాలతో ముప్పై రోజుల్లో తహసీల్దారుకు దరఖాస్తు ఇవ్వాలి. ఇవ్వని ఇంటికి ఈ రక్షణ ఉండదు.

కాగితం పట్టుకొని నేరుగా, కేసు వేయించామన్న పార్టీవాళ్లు ఫ్లెక్సీ పక్కన వేసిన టెంటు కిందికి పోయాను.

"ఇది మీరు సదివిన్రా?"

"మాకు ఎరుకే గని, నువ్వు కూసో పెద్దమ్మా," అన్నాడు కండువా వేసుకున్నాయన.

"ఎరుకైతే సెప్పలేదేంది? పన్నెండు రోజులు పాయె!"

అవతలి ఫ్లెక్సీ కింద ఉన్నాయన అందుకున్నాడు. "సదువు సదువు. నువ్వు సదివేసరికి ముప్పై రోజులు ఒడుస్తయి."

రెండు పార్టీలు కలిసి నవ్వగా చూడటం అదే మొదలు. ఒళ్లు మండింది. మైకు గుంజుకొని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. ముప్పై రోజుల మాట దగ్గర, అవతలి ఫ్లెక్సీ కింద కూర్చున్న మా వదిన లేచి నిలబడింది.

"మల్లొక్కసారి సదువు."

మళ్లీ చదివాను.

నాట్లు మానుకొని పాత కరెంటు బిల్లులు, రేషన్ కార్డులు వెతికాం. దరఖాస్తులు ఇవ్వబోయే రోజు ఒకటే వాన. వదిన కొడవలి తెచ్చి రెండు ఫ్లెక్సీలూ కోసి, కాగితాలకు చుట్టింది.

"మా సారు ఫోటో కోస్తరా?" అని కండువాయన ఉరికొచ్చాడు.

"మీ సారు ఇయ్యాలే పనికొచ్చిండు, పో," అంది.

ముప్పై తొమ్మిది ఇళ్లవి ఇచ్చాం. మిగిలిన ఒక్క ఇంటివాళ్లు తాళం వేసి కోదాడ అవతలికి మేస్త్రీ పనికి పోయారు. ఫోను కలవలేదు. మనిషిని పంపి వెతికిస్తే, వాళ్లకు కబురందేసరికి గడువు దాటి రెండు రోజులైంది. మైకులో పోయిన ఆ పన్నెండు రోజుల్లో ఒక్క మూడు రోజులు దక్కినా సరిపోయేది.

కేసు ఇంకా నడుస్తోంది. వాడలో మళ్లీ రెండు ఫ్లెక్సీలు వచ్చాయి. రెండూ ఆ తాళం వేసిన ఇంటి గోడకే కట్టారు.