మౌనికకు వచ్చిన సీటు సంగతి బేగంపేటలో తెలిసింది

ధర్మసాగర్‌లో ఉన్న మా చెల్లె లక్ష్మీ, నీ మోకాలి వాపు తగ్గిందా? నూనె రాయడం మానేశావని నీ కోడలు చెప్పింది. జనగామ వదినా, బీపీ మాత్ర రోజూ పొద్దున్నే వేసుకుంటున్నావా, లేక గుర్తొచ్చిన రోజేనా? నేను ఏది రాసినా కింద రెండు మంచి మాటలు రాసే కరీంనగర్ టీచరమ్మా, మీ ఆయన కంటికి కట్టు విప్పారా? ముఖాలు తెలియకపోయినా ఇది చదివే మిగతా పిల్లలూ పెద్దలూ అందరూ క్షేమమే అనుకుంటాను. నా సంగతి అంటారా, ఒంటికేమీ కాలేదు. నాలుగు రోజులుగా అన్నం మాత్రం సయించడం లేదు. పిల్లలను బ్రిటన్ చదువులకు పంపాలనుకునేవాళ్ళు ఎందుకో తెలుసుకుంటే మంచిదని, అయిదో తరగతితో బడి మానేసిన దాన్నయినా ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తున్నాను.

మౌనిక నా బిడ్డ కూతురు. వరంగల్‌లోనే ఇంజనీరింగ్ చదివి, రెండేళ్ళు ఒక దవాఖానలో రోగుల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేసింది. ఒకే మనిషి మూడుసార్లు వస్తే మూడు పేర్లతో ఎక్కుతాడని, పోయినసారి ఏ మందు పడలేదో ఈసారి డాక్టరుకు తెలియదని ఇంటికొచ్చి విసుక్కునేది. ఆ విసుగులోంచే డేటా సైన్స్ చదువుతానంది. నాకు అర్థమైనంత వరకు అది గుట్టలుగా పడి ఉన్న వివరాల్లోంచి మనిషికి పనికొచ్చే సంగతి బయటికి తీసే విద్య. బ్రిటన్‌లో అయితే ఏడాదిలో పూర్తవుతుందట. మూడు యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టింది. లండన్‌లో ఒకటి, బర్మింగ్‌హామ్‌లో ఒకటి, స్కాట్లాండ్‌లో బాగా ఉత్తరాన ఒకటి. మొదటి రెండింటిలో సీట్లు వచ్చాయి. కానీ వాటి గురించి మౌనిక, "పేరుకే డేటా సైన్స్ అమ్మమ్మ, లోపల సగం బిజినెస్ పాఠాలే" అనేది. ఆమె మనసంతా స్కాట్లాండ్ దాని మీదే. అక్కడ నిజమైన దవాఖాన రికార్డులతో పని నేర్పుతారు. నాలుగు నెలలైనా ఆ జవాబు మాత్రం రాలేదు. మిగతా రెండింటిలో ఏదో ఒకటి ఒప్పుకున్నట్టు సోమవారం లోపల చెప్పాలి. శనివారం హైదరాబాద్ బేగంపేటలో ఒక హోటల్‌లో బ్రిటన్ యూనివర్సిటీల మేళా ఉందని, వాళ్ళ మనుషులే స్వయంగా వస్తారని తెలిసింది. స్కాట్లాండ్ వాళ్ళు కాదన్నారో ఔనన్నారో ముఖాముఖి అడిగేద్దామని బయలుదేరింది. దుకాణం వదిలి బిడ్డా అల్లుడూ కదలలేరు కాబట్టి వెంట నేను వెళ్ళాను. రావద్దన్నా ఊరుకునే రకం కాదు నేను.

పొద్దున ఏడు గంటల ప్రాంతంలో వరంగల్ స్టేషన్‌లో బండి ఎక్కాము. కూర్చుని వెళ్ళే సెకండ్ క్లాస్ టికెట్ ముందే చేయిస్తే మనిషికి వంద రూపాయల లోపే అయింది. మేముండే కొత్తవాడ నుంచి స్టేషన్‌కు ఆటోవాడు పొద్దున పూట ఎక్కువ అడుగుతాడు, ముందే మాట్లాడుకోండి. కాజీపేట దాటేసరికే నాకు సర్టిఫికెట్ల ఫైలు తెచ్చామా లేదా అని మూడుసార్లు అనుమానం వచ్చింది. మూడుసార్లూ మౌనిక సంచి తెరిచి చూపించింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒకామె మామిడికాయ తొక్కు జాడీ ఒళ్ళో పెట్టుకుని మా ఎదురుగా కూర్చుంది.

"ఎటు పోతాన్లు అక్కా?" అని అడిగింది.

"పట్నం. పిల్ల లండన్ చదువు ముచ్చట."

"అబ్బో! ఏం చదువు బిడ్డా అది, ఈడ దొరకంది?"

"దవాఖానల రాసే వివరాలు సక్కగ ఎట్ల పెట్టాలె, వాటితోని రోగం ముందుగాల ఎట్ల పట్టాలె, గది పెద్దమ్మా" అంది మౌనిక.

"అయితె జల్ది పోయి జల్ది రా. మా దవాఖానల నన్ను ఓసారి రాజమ్మ అని రాస్తరు, ఓసారి రాధమ్మ అని రాస్తరు. నా గోలీలు ఆ రాధమ్మ ఎవతో అదే మింగుతాందో ఏమో!"

రైలు డబ్బాలో అందరూ నవ్వారు. మౌనిక నవ్వలేదు, ఫోన్ తీసి ఆ మాట రాసుకుంది.

తొమ్మిదిన్నర దాటాక సికింద్రాబాద్‌లో దిగాము. స్టేషన్ బయటికి వచ్చి కొంచెం నడిస్తే మెట్రో దొరుకుతుంది. అమీర్‌పేట వైపు వెళ్ళే బండి ఎక్కితే బేగంపేట పది నిమిషాలు. కదిలే మెట్ల మీద కాలు పెట్టడానికి నాకు భయం, లిఫ్ట్ ఉంది, అడగండి, సిగ్గుపడకండి. అక్కడి నుంచి హోటల్‌కు ఆటో. డ్రైవర్ మా చేతిలో ఫైలు చూసి, "మేళాకేనా అమ్మా? పొద్దటి సంది ఇది ఐదో ట్రిప్పు. అందరి చేతులల్ల గదే ఫైలు, అందరి మొఖాలల్ల గదే పరేషాన్" అన్నాడు. అతని మాట నిజమే. హాలు నిండా పిల్లలు, వాళ్ళ వెనక సంచులు పట్టుకున్న తల్లిదండ్రులు. లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు, ఫోన్‌లో పేరు రాయిస్తే చాలు.

మొదట లండన్ వాళ్ళ బల్ల. చలికాలంలో గది వెచ్చగా ఉంటుందా, బియ్యం దొరుకుతాయా, పిల్లకు జ్వరం వస్తే ఎవరు చూస్తారు అని నేను అడిగిన ప్రతి దానికీ అక్కడి కోటు అబ్బాయి నవ్వుతూ "ఉంటుందమ్మా, దొరుకుతాయమ్మా" అన్నాడు. అన్నిటికీ ఒకటే నవ్వు. మాది జంపఖానాల దుకాణం, సరుకును తిప్పి చూడనిదే కొనము. అతను ఇచ్చిన రంగుల పుస్తకం కూడా తిప్పి, వెనక సన్నటి అక్షరాలు మౌనిక చేత చదివించాను. బొమ్మలోని పెద్ద తోట, రాతి భవనం వేరే ఊళ్ళో ఉన్నాయి. లండన్‌లో చదువు చెప్పేది ఆఫీసు భవనంలో రెండు అంతస్తుల్లో. బర్మింగ్‌హామ్ వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు కానీ, దవాఖాన రికార్డులతో పని ఉంటుందా అని మౌనిక అడిగితే లేదని ఒప్పుకున్నారు.

స్కాట్లాండ్ బల్ల దగ్గర కూర్చున్న మేడమ్‌ది గుంటూరు వైపు మాట. మౌనిక దరఖాస్తు నంబరు చెప్పగానే కంప్యూటర్‌లో చూసి, "మీరేనా! ఇన్నాళ్ళకు కనిపించారే" అంది. మౌనిక ముఖం వెలిగింది. ఆ వెలుగు నేను చూశాను కాబట్టే తరవాత మాట నాకు ఇంకా గుచ్చుకుంది.

"మూడు నెలల కిందటే సీటు ఇచ్చామండీ. ఫీజులో తగ్గింపు కూడా ఇచ్చాం. రెండుసార్లు గుర్తు చేశాం. మీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. గడువు పోయిన శుక్రవారంతో అయిపోయింది, సీటు ఇంకొకరికి వెళ్ళింది."

"నాకు ఒక్క మెయిల్ కూడా రాలేదు మేడమ్."

"ఈ ఐడీకే పంపాం, మీదే కదా?" అని ఆమె తెర ఇటు తిప్పింది.

మౌనిక తెర చూసింది. తరవాత నన్ను చూసింది.

ఎందుకు చూసిందో చెప్పాలి. దరఖాస్తులన్నీ పెట్టింది కిరణ్. మా కొత్తవాడలో మా ఎదురింటి పిల్లవాడు, చిన్నప్పుడు మా గిన్నెలో తిన్నవాడు, ఇప్పుడు హన్మకొండలో విదేశీ చదువుల ఆఫీసు నడుపుతున్నాడు. దవాఖాన అయినా సంబంధమైనా మా ఇంట్లో మొదట అడిగేది "ఆడ మనోళ్ళెవరన్న ఉన్నరా?" అనే. కాబట్టి వేరే ఆఫీసు గడప కూడా తొక్కలేదు. మౌనిక పేరు మీద కొత్త మెయిల్ అతనే తెరిచాడు, పాస్‌వర్డ్ తన దగ్గరే పెట్టుకున్నాడు. సంక్రాంతి దాటాక మౌనిక దాన్ని అడుగుతానంటే నేనే అడ్డం పడ్డాను. "ఇంటి పిలగాని మీద అనుమానమా? నా మొఖం మీద ఉమ్ముతానవా ఏంది?" అన్నాను. చలికి భయపడ్డాను, విమానానికి భయపడ్డాను, అక్కడి తిండికి భయపడ్డాను. భయపడవలసిన ఒక్కదానికి భయపడలేదు.

హోటల్ బయట మెట్ల మీద కూర్చుని నేనే కిరణ్‌కు ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టమని మౌనికకు చెప్పి.

"కొడుకా, స్కాట్లాండ్ నుంచి జవాబు వచ్చిందా?"

"రాలే అమ్మమ్మా. వస్తె నీకు చెప్పనా?"

"నేను వాళ్ళ బల్ల కాడి నుంచే వస్తాన."

కిరణ్ గొంతు మార్చాడు. "అది వచ్చింది గని... నీ కోసమే పక్కకు పెట్టిన అమ్మమ్మా. మర్చిపోయినవా? ఆఫీసుకొచ్చి చాయ్ తాగుకుంట నువ్వే అనలే, గంత చలి ఊరికి పిల్ల పోతే నా పానం ఆగదని?"

"అన్న. అంటె? దాని సీటు దాచిపెట్టమన్ననా?"

"బర్మింగ్‌హామ్‌ల మనోళ్ళు గల్లీకి ఇద్దరున్నరు. నీకు ఫికర్ ఉండదని చూసిన. మనోడనే కదా నా తాన్కి వచ్చిన్లు, మనోని లెక్కనే చేసిన."

మౌనిక నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "కిరణన్నా, పాస్‌వర్డ్ ఇప్పుడే పంపు. ముచ్చట్లు తర్వాత." పావుగంటకు వచ్చింది. తెరిచి చూస్తే మూడు ఉత్తరాలూ ఉన్నాయి, మూడూ చదివినట్టే ఉన్నాయి. మిగతా రెండు యూనివర్సిటీలు పిల్ల చేరితే ఏజెంటుకు డబ్బు ఇస్తాయని, ఈ స్కాట్లాండ్‌ది ఇవ్వదని మౌనిక అప్పుడు చెప్పింది. నా చలి భయం అతనికి సాకు మాత్రమే. కానీ ఆ సాకు అతని చేతికిచ్చింది నేనే.

మధ్యాహ్నం ఆ వీధి చివర మెస్‌లో భోజనం చేశాము. వంద రూపాయలకు పప్పు, రెండు కూరలు, పెరుగు, శుభ్రంగా ఉంది. వంటాయన నా ఆకులో అన్నం అలాగే ఉండటం చూసి, "ఏందమ్మా, పప్పు మంచిగలేదా?" అన్నాడు. "పప్పుకు పేరు పెట్టేదేం లేదు నాయనా, నాకే ఆకలి లేదు" అన్నాను. మౌనిక మాత్రం శుభ్రంగా తిని, చేయి కడుక్కుని, మళ్ళీ ఆ మేడమ్ దగ్గరికి వెళ్ళింది. ఈ ఏడాదికి చేయగలిగింది లేదని, వచ్చే ఏడాది సెప్టెంబర్ బ్యాచ్‌కు సొంతంగా దరఖాస్తు పెడితే చూస్తామని, ఫీజు తగ్గింపు మళ్ళీ వస్తుందని మాట ఇవ్వలేనని మేడమ్ చెప్పింది. వచ్చే నెల మళ్ళీ హైదరాబాద్ వస్తుందట, అసలు సర్టిఫికెట్లతో రమ్మంది.

నాలుగు గంటల తరవాత బండిలో తిరుగు ప్రయాణం. కూర్చునే చోటు దొరికింది. ఘట్‌కేసర్ దాటాక నేనే, "బర్మింగ్‌హామ్‌ది ఒప్పుకో బిడ్డా. ఉన్నది పోగొట్టుకుంటె ఎట్ల? వచ్చే ఏడు ఆ స్కాట్లాండోళ్ళు కాదంటెనో?" అన్నాను.

"ఒప్పుకోను."

"ఏడాది ఖాళీగ కూసుంటె పది మంది పది తీర్ల అంటరు."

"ఖాళీగ కూసోను, దవాఖానకే పోత. అమ్మమ్మ, ఏ ఊళ్ళె మనోళ్ళున్నరని చూసి చూసి ఈడిదాంక వచ్చినం. ఏం నేర్పుతరో చూసి పోనియ్యి నన్ను."

గట్టిగా కూడా అనలేదు. అంటే నాకు కొంత తేలికయ్యేది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది, వరంగల్ వచ్చే దాకా.

ఆ రాత్రి కిరణ్ వాళ్ళ అమ్మ మా గడప దాకా వచ్చి, పిల్లవాడు తెలియక చేశాడు, గల్లీలో ఎవరికీ చెప్పొద్దు అని నా చేతులు పట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా ఉప్పూ పప్పూ ఇచ్చిపుచ్చుకున్న మనిషి. అయినా ఇవాళ మీకు చెబుతున్నాను, ఆమె ఫోన్‌లో కూడా ఇది కనిపిస్తుందని తెలిసే చెబుతున్నాను. మా పక్క సందులో ఇంకో అమ్మాయి ఫైలు కూడా అతని దగ్గరే ఉంది. మొహమాటానికి నోరు మూసుకుంటే ఆ పిల్ల సీటు కూడా ఎక్కడో మగ్గిపోతుంది. అతను దొంగ అని రాయడం తేలిక. నా మనవరాలు ఒక మాట అడగబోతే, పరువు పోతుందని నోరు మూయించిన దాన్ని ఏమని రాయాలో నాకు తెలియడం లేదు. పిల్లది ఒక ఏడాది నా మాట కింద పడి నలిగింది. దానికి ఏ జరిమానా కట్టినా తీరదు.

వెళ్ళబోయేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. దరఖాస్తు ఎవరితో పెట్టించినా సరే, అయినవాడైనా కానివాడైనా, దానికి వాడే మెయిల్, దాని పాస్‌వర్డ్, ఫోన్ నంబరు పిల్లల చేతిలోనే ఉండాలి. ఏజెంటు ముందే కూర్చుని పిల్లలే తెరవాలి. అడిగితే అతనికి కోపం వస్తుందేమో అనిపిస్తే, రానివ్వండి.

మౌనిక సోమవారం ఆ రెండు యూనివర్సిటీలకూ వద్దని రాసేసింది. నిన్న ఆ మేడమ్ నుంచి కబురు వచ్చింది, ఈసారి మౌనిక సొంత మెయిల్‌కు. నేను కూడా వస్తాను, ఫైలు పట్టుకుంటాను అన్నాను. "నువ్వు రాకు అమ్మమ్మ, నేనే పోయొస్త" అంది, నా వైపు చూడకుండా. బండికి ఒక్క టికెట్టే చేయించింది. వచ్చే నెల పంతొమ్మిది, శనివారం, పొద్దున పదకొండు గంటలకు బేగంపేటలో ఆ మేడమ్‌ను కలవాలి.