చింతమానుకు వంటాముదం

మోత్కూర్ దాటాక ఐదో కిలోమీటరు దగ్గర మా ట్రక్కు ఆగింది. ఉదయం ఏడు. వాన తగ్గింది, గాలి తగ్గలేదు. ముందు తారురోడ్డు కనిపించలేదు. రెండు వైపులా వరుసగా ఉండే పాత చింతచెట్లు వేళ్లతో సహా లేచి రోడ్డు మీద ఒకదానిపై ఒకటి పడి ఉన్నాయి. కొమ్మల్లో కరెంటు తీగలు చుట్టుకున్నాయి. సరఫరా ఆపేశారని రేడియోలో రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాం.

మాది ఇంజనీర్ల దళం. సుబేదార్ సాబ్, హవల్దార్, రేడియో ఆపరేటర్, డ్రైవర్, ఒక జవాను, నేను. నాది జడ్చర్ల. మెకానికల్ డిప్లొమా అయ్యాక సైన్యంలో నాలుగేళ్ల సర్వీసుకు వెళ్లాను. ఆరుగురిలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. సామాను: మోటారు రంపం ఒకటి, విడి గొలుసులు రెండు, ఆకురాయి, గొడ్డళ్లు, తాళ్లు, పెట్రోలు.

ఆర్డరు ఒక్కటే. మధ్యాహ్నంలోగా అంబులెన్సు పట్టేంత దారి చేయాలి.

చెట్ల అవతల ట్రాక్టరు ట్రాలీలో రాములు అనే రైతు కూర్చుని ఉన్నాడు. కిడ్నీలు చెడ్డాయి. వారానికి రెండుసార్లు నల్లగొండ దవాఖానలో మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. వానలకు రెండు విడతలు తప్పాయి. ఊరికి రెండో వైపు వాగు పొంగింది. పడుకోబెడితే ఊపిరి ఆడటం లేదు, కాబట్టి స్ట్రెచర్ మీద మోయలేం. కొమ్మల కింద పాకడం ఒంట్లో బాగున్నవాళ్లకే సాధ్యం. పక్క కాలువలో దిగి చూసిన జవానును తాడేసి లాగాల్సి వచ్చింది.

మోటారు రంపంలో గొలుసు ఒక పొడవాటి ఇనుప పట్టీ చుట్టూ తిరుగుతుంది. దాన్ని బార్ అంటారు. రెండింటి మధ్యా నూనె పారుతూనే ఉండాలి. లేకపోతే గొలుసు కాలి, సాగి, చివరికి తెగి మనిషి మీదికి వస్తుంది. మా నూనె డబ్బా దారి కుదుపులకు పగిలి ట్రక్కులోనే ఒలికిపోయింది. మూడు చెట్లు కోసేసరికి రంపంలో ఉన్నదీ అయిపోయింది. ఇంకా రెండు చెట్లు. రెండూ పెద్దవి. చింతచేవ ఎంత గట్టిదో తెలిసిందే.

డ్రైవర్ ఎక్కడినుంచో కాలిన ఇంజనాయిల్ తెచ్చాడు. అందులో ఇనుప రజను ఉంటుంది, వద్దన్నాను. ఇదేమైనా పరీక్షా అని హవల్దార్ పోయించాడు. రేస్ ఇచ్చి బార్ కొసను తెల్లగా ఉన్న కోత ముందు పట్టాను. నూనె పారితే అక్కడ సన్నటి గీత పడాలి. నల్లటి చుక్కలు నాలుగు పడి ఆగిపోయాయి. రజనుకు నూనె పంపు జాలీ మూసుకుపోయింది. విప్పి పెట్రోలుతో కడగడానికి అరగంట పోయింది.

ఆ సమయంలోనే రేడియో మోగింది.

"రోడ్డు తెరిచారా?"

"రెండు చెట్లు బాకీ."

"పేషెంటు?"

ఆపరేటర్ ట్రాలీ వైపు చూశాడు. "కూర్చున్నాడు."

వంటనూనె ఉంటే తెమ్మని ఊరివాళ్లను కేకేసి అడిగాను. పామాయిల్ పాకెట్లు వచ్చాయి. పని చేసింది కానీ పల్చన. గొలుసు వేగానికి చిమ్మిపోతుంది, బార్ కొసకు చేరదు. ఆపుతూ, చల్లారుస్తూ నాలుగో చెట్టు కోశాం. మిగిలింది ఒక్కటి, అన్నిటికంటే లావుది. పామాయిల్ అడుగంటింది. జిగురున్న నూనె కావాలి. అక్కడి చెలకల్లో ఆముదం పండుతుంది. ఎవరింట్లోనైనా ఉందా అని అడిగి, నేను పక్కకు తిరిగి గొలుసు పళ్లకు ఆకురాయి పడుతూ కూర్చున్నాను.

రాములు భార్య యాదమ్మ ఇంటికి పరుగెత్తి, స్టీలు డబ్బాతో కొమ్మల కింద నుంచి పాకి వచ్చింది. హవల్దార్ రెండు చేతులూ చాచాడు. ఆమె ఇవ్వలేదు. డబ్బాను రోడ్డు మీద పెట్టి వెనక్కి జరిగింది. అతనిది ఉత్తరాది కొండ ప్రాంతం. ఇష్టం లేక కింద పడేసిందనుకున్నాడు. ప్రజల సొత్తు బలవంతంగా తీసుకోకూడదని మాకు గట్టి ఆదేశం. నమస్కారం పెట్టి వచ్చేసి, ఉన్న పామాయిల్‌తోనే కోయమని నాకు చెప్పాడు.

కోశాను. జానెడు లోతు దిగగానే పొగ లేచింది. గొలుసు సాగి బార్ మీంచి జారింది, నా చేతి తొడుగును బొటనవేలి దగ్గర చీల్చింది. చర్మానికి తగల్లేదు. ఇంజను ఆపి వెనక్కి తిరిగితే రోడ్డు మీద డబ్బా, దాని పక్కన యాదమ్మ.

"నూనె చేతికియ్యరు బిడ్డా. కింద వెడితె తీస్కోవాలె. గంతెత్తు మనిషికి గది గూడ తెల్వదా?"

హవల్దార్‌కు హిందీలో చెప్పాను. అతను వెళ్లి, వంగి, డబ్బాను రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

మూత తీస్తే వంటాముదం. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలింది తీసినది. కూతురికి నెలలు నిండాయనీ, పుట్టే బిడ్డ మాడుకు పెట్టడానికి వండిందనీ చెప్పింది.

"మొత్తం పోస్తే ఏం మిగలదు పెద్దమ్మా."

"ఆముదం మల్ల వండుకుంట. మనిషిని వండుకుంటనా? మొత్తం పొయ్యి, జల్ది."

ఆ చలికి ఒట్టి ఆముదం పంపులో ఎక్కదు. అడుగున తడీ మడ్డీ ఉంటాయి, వాటిని కదపలేదు. పైది రెండు పాళ్లు, పామాయిల్ ఒక పాలు కలిపి, రైఫిలు తుడిచే కొత్త గుడ్డలో వడకట్టాను. విడి గొలుసు ఎక్కించాను. మళ్లీ కోత ముందు పట్టి రేస్ ఇచ్చాను. గీత పడింది. సన్నగా, తెగకుండా.

తర్వాత పొగ రాలేదు. వేయించిన ఆముదాల వాసన వచ్చింది. మాను రంపాన్ని నొక్కేయకుండా హవల్దార్ నా వెనకే కోతలో కొయ్య మేకులు దిగ్గొడుతూ వచ్చాడు. రెండు కోతలు. మధ్య దుంగను, ట్రాలీ విప్పిన ట్రాక్టరు పక్కకు లాగింది. పన్నెండుకు పది నిమిషాలుండగా అంబులెన్సు అద్దాలు మడుచుకుని లోపలికి వెళ్లింది.

సాయంత్రం రేడియోలో కబురు: "మిషన్ మీద పెట్టారు. తేరుకుంటున్నాడు."

మరునాడు యూనిట్‌కు తిరిగి వెళ్లాం. సర్వీసు ముగిశాక ఇంటికొచ్చాను. ఇప్పుడు జడ్చర్లలో మోటార్లు, రంపాలు బాగుచేస్తాను. చవక నూనె ఏది పోయాలని అడిగేవాళ్లకు చెబుతుంటాను: కాలిన ఆయిల్ వద్దు, చిన్న కొమ్మలకు పామాయిల్ చాలు, చేవకు ఆముదం కలుపు, వడకట్టకుండా పోయకు, పని కాగానే గొలుసు కడుగు, లేకపోతే జిగురు పట్టేస్తుంది.

వాళ్లకు చెప్పనిది ఒకటుంది. అంబులెన్సు స్ట్రెచర్ తలభాగం పైకి లేవలేదు, గొళ్లెం పట్టేసింది. యాదమ్మ ఎక్కి, భర్త వీపుకు తన వీపు ఆనించి, రెండు పాదాలు ఎదుటి గోడకు తన్నిపెట్టి కూర్చుంది. తలుపు వేసింది నేనే. అతను ఊపిరి పీల్చినప్పుడల్లా ఆమె భుజాలు లేస్తున్నాయి.