రాజవ్వ ఆడించిన బతుకమ్మ

గునుగు పూల కొసలకు రంగు అద్దుతుంటే తడి గడ్డీ రంగుపొడీ కలిసిన ఒక పచ్చి వాసన వస్తుంది. ఈ ఉదయం మడికొండలో మా ఇంటి వసారాలో ఆ పని చేస్తుంటే రాజవ్వ గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా తప్పే. పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు ఆమె నా నెత్తిన కూర్చునే ఉంటుంది, బతికున్నప్పటిలాగే.

అప్పట్లో సుబేదారిలో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు రాజవ్వ. పల్లెలో ఏళ్లతరబడి పసుపు పండించి, భర్త పోయాక కొడుకు కట్టించిన ఆ ఇంటికి వచ్చి చేరింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం గల్లీ చివరిదాకా. నీళ్లు వృథా చేస్తే తిట్టేది, చెయ్యకపోతే తిట్టడానికి ఇంకేదో వెతుక్కునేది. నా భర్త జబ్బుచేసి పోయిన ఎండాకాలంలో మాత్రం ఒక్క మాట అనకుండా, రోజూ గిన్నెలో ఏదో ఒకటి తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టి పోయేది.

ఆ ఏడు సద్దుల నాడు నేను తలుపు దగ్గరికేసి పడుకున్నాను. మా వైపు భర్త పోయిన ఆడవాళ్లు బతుకమ్మ ఎత్తుకోరు, పసుపుముద్దతో చేసే గౌరమ్మను తాకరు. నన్ను ఎవరూ వద్దనలేదు. వద్దనే అవసరం ఎవరికీ రాలేదు, అంతే. రాజవ్వ తలుపు తోసుకుని వచ్చి, బుట్టెడు తంగేడు పూలు నా ముందు కుమ్మరించింది.

“లెవ్వు బిడ్డా. బతుకమ్మ పేర్చాలె.”

“నేను పేర్చొద్దు గదా అవ్వా. నలుగురు ఏమనుకుంటరు?”

“అనుకోనియ్యి. వాళ్లేమన్న నీ ఇంట్ల బియ్యం పోస్తాండ్రా?”

పూలు పేరుస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. “మా ఆయన పోయినంక ఇన్నేండ్లు నేను అరుగు మీద కూసోనే చూసిన. నన్నెవ్వలు పిలువలే. పిలువకపోతే నేనెందుకు పోలేదని ఇప్పుడు నా మీద నాకే కోపమొస్తాంది.” ఆ కోపమంతా పూల మీద చూపిస్తున్నట్టు అదిమి అదిమి పెట్టింది.

సాయంత్రం మైదానంలో మా బతుకమ్మ దించగానే పాట ఆగిపోయింది. గల్లీలో పెద్దరికం చేసే ఒకావిడ దగ్గరికొచ్చి మర్యాదగానే అంది. “అవ్వా, మీకు తెల్వనిదా? ఆమె పక్కకు నిలవడి చూస్తే సరిపాయె గద.”

నాకు ఇంటికి పారిపోవాలనిపించింది. రాజవ్వ నా మణికట్టు పట్టుకుంది.

“పసుపుకొమ్ములు ఎవ్వలు తవ్వుతరో ఎర్కేనా నీకు? మా చేన్ల కూలికొచ్చేటోళ్లల్ల సగం మంది మొగడు పోయినోళ్లే. నేను గూడ తవ్విన, ఉడకవెట్టిన, ఎండవోసిన. అసొంటి పసుపుతోనే నువ్వు గౌరమ్మను చేసినవ్. తవ్వెటప్పుడు లేని అంటు ఆడెటప్పుడు యాడికెల్లొచ్చింది?”

ఆవిడ మనసు మారలేదు. అక్కడున్న ఆడవాళ్లంతా తమ బతుకమ్మలను అవతలికి జరుపుకున్నారు. మేమిద్దరమే మా బతుకమ్మ చుట్టూ తిరిగాం. ఇద్దరే తిరిగితే ఒకరినొకరు తరుముకున్నట్టు ఉంటుంది. రాజవ్వ పాటకూ రాగానికీ ఆమడ దూరం, అయినా ఆపలేదు. నాకు ముందు సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఎక్కణ్ణుంచో నవ్వొచ్చింది. కాసేపటికి కిరాణాకొట్టు వాళ్ల కోడలు వచ్చి మాతో కలిసింది. మరుసటి ఏడు ఇంకొందరు. ఆ పెద్దావిడ మాత్రం చివరిదాకా కలవలేదు. కలవకపోతే మానె.

రాజవ్వ పోయి కొన్నేళ్లయింది. ఈ ఎండాకాలం మా పక్కింటి అమ్మాయి భర్త బైకు ప్రమాదంలో పోయాడు. ఇందాక ఆమె ఇంటికి వెళ్లి, బతుకమ్మ ఆడటానికి రమ్మంటే, “ఈసారికి వద్దక్కా” అంది. రాజవ్వలాగా మాటకు మాట అందించడం నాకు చేతకాదు. అవ్వ దగ్గర నేను నేర్చుకున్నది మొండితనం ఒక్కటే. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. టీ ఇచ్చింది, తాగాను. బయట పాట మొదలైంది, నేను కదల్లేదు.

“ఎవలన్న ఏమన్న అంటే ఎట్లక్కా?”

“అంటరు. నిన్నొక్కదాన్నే అనరు గదా, నన్ను గూడ అంటరు.”

ఆమె లేచి చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.