నీలినలుపు

ఎవరైనా నన్ను అబద్ధాలకోరు అంటే ఊరుకునే మనిషిని కాను. పెనుబల్లి దగ్గర వ్యవసాయ కుటుంబంలో పుట్టినదాన్ని, నోరు కాస్త పెద్దదే. జీవశాస్త్రం చెప్పడానికి భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడికి వచ్చి ఎనిమిదేళ్లయింది. ప్రతి ఏడూ మొదటి రోజు నల్లబల్ల మీద ఒకటే మాట రాస్తాను: "చూసింది రాయండి." ఆ మాట రాసిన చేత్తోనే నేనేం చేశానో పోయిన ఎండాకాలం తెలిసింది. ఆ దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు.

పదో తరగతిలో ఆకు ప్రయోగం ఉంటుంది. ఆకుని స్పిరిట్‌లో ఉడికించి, పచ్చదనం పోయాక అయోడిన్ చుక్కలు వేయాలి. ఆకులో పిండిపదార్థం ఉంటే నీలినలుపు రంగు వస్తుంది. ఆ ఏడు వానాకాలంలో మందారాకు తెచ్చి చేశాను. స్పిరిట్ చాలలేదు, ఆకు సగం పచ్చగానే మిగిలింది. బెల్లు కొట్టే వేళయింది. చుక్కలు వేసి ప్లేటు పైకెత్తి, "చూశారుగా, నీలినలుపు" అన్నాను.

"చూసినం మేడం!" నలభై గొంతులు.

రికార్డులు దిద్దుతుంటే ఒక పిల్ల పుస్తకంలో "రంగు మారలేదు" అని ఉంది. వెనక బెంచీలో కూర్చునే పిల్ల, అడవి లోపలి ఊరు, ఇంట్లో కోయ మాట్లాడతారు. నాకు ఒళ్లు మండింది. స్టాఫ్ రూంకి పిలిపించాను.

"అందరికీ కనిపించింది నీకెందుకు కనిపించలేదు? నిద్రపోతున్నావా?"

"చూసిన మేడం. పచ్చగనే ఉన్నది."

"నలభైమంది కళ్లు అబద్ధం, నీ కళ్లు నిజమా?"

ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కొట్టేసి, పేజీ చింపించి, మళ్లీ రాయించాను. ముత్యాల్లాంటి అక్షరాలతో "నీలినలుపు రంగు వచ్చింది" అని రాసి తెచ్చింది. కింద "వెరీ గుడ్" అని సంతకం పెట్టాను. పిల్ల దారిలో పడిందని సంబరపడ్డాను కూడా.

చలికాలంలో వంశపారంపర్యం పాఠం చెబుతూ, కొందరికి పుట్టుకతోనే రంగులు తేడాగా కనిపిస్తాయని, దాన్ని వర్ణాంధత్వం అంటారని చెప్పాను. ఎప్పుడూ నోరెత్తని ఆ పిల్ల లేచి నిలబడింది.

"మేడం, ఆడపిల్లలకు గూడ వస్తదా అది?"

"మంచి ప్రశ్న!" అని మురిసిపోయి, బల్లంతా బొమ్మలు గీసి, చాలా అరుదుగా వస్తుందని చెప్పాను. ఎందుకు అడిగిందో అడగాలని తోచలేదు.

పరీక్షలయ్యాయి. పదిలో ఆమెకి జీవశాస్త్రంలో మంచి మార్కులు. నర్సు కావాలని చిన్నప్పటి నుంచీ చెప్పే పిల్ల. టీసీ కోసం తల్లితో వచ్చిన రోజు, కాలేజీ ఫారంలో బైపీసీ బదులు సైన్సు లేని సీఈసీ అని రాసి ఉండడం చూసి అరిచేశాను.

"నీకేమైనా మతి పోయిందా? నర్సింగ్ ఏమైంది?"

ఆమె తల వంచుకుంది. తల్లే చెప్పింది. "దానికి కండ్లల్ల రంగులు సక్కగ ఆనుతలేవంట మేడం. రంగులు తెల్వనిదాన్ని, ఒక మందుకు ఇంకో మందు ఇస్తే మనిషి సస్తడు గదా అంటది. మాకైతే ఏం సమజైతలేదు. బీడీల తునికాకు ఏరేటప్పుడు రంగు చూసే ఏరుతది. ముదురాకు ఒక్కటి గూడ కట్టల పడనియ్యది."

"నీకెవరు చెప్పారే ఈ మాట?" అన్నాను.

"మీరే గద మేడం," అంది మెల్లగా. "ఆకు ప్రయోగంల అందరికీ కనిపించింది, నాకు కనిపియ్యలే."

ముగ్గురం ల్యాబ్‌కి నడిచాం. తాళం తీశాను. వంటగది నుంచి గిన్నెలో గంజి తెచ్చి ప్లేటులో పోశాను. గంజి అంటే పిండిపదార్థమే, రంగు మారి తీరాలి. గోధుమరంగు సీసాలోంచి అయోడిన్ చుక్కలు వేశాను.

ఏమీ కాలేదు. ఇంకా వేశాను. గంజి తెల్లగానే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్త సీసా కోసం రాస్తే రాలేదని, ఉన్నదాంట్లో ప్రతి ఏడూ కాసిని నీళ్లు కలుపుతూ వచ్చింది నేనే. ఎన్నేళ్ల నుంచి ఇందులో అయోడిన్ లేదో నాకు తెలియదు. నీలినలుపు అని నేనెప్పుడు నిజంగా చూశానో కూడా తెలియదు. సగం ఉడికిన ఆకు ఎటూ ముదురుగానే కనిపిస్తుంది. పుస్తకంలో ఉన్న రంగునే నేను చూశాను, నేను చెప్పిన రంగునే పిల్లలు చూశారు. అన్ని బ్యాచ్‌లలో నిజంగా చూసింది ఈ ఒక్క పిల్ల. దానికి నేను కళ్లు లేవని నేర్పాను.

ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో గాయాలకు రాసే అయోడిన్ మందు ఉంది. ఇంకో ప్లేటులో గంజి పోసి రెండు చుక్కలు వేశాను. చూస్తుండగానే గంజి సిరాలా మారిపోయింది.

"ఏం రంగు?" అన్నాను.

ఆమె ప్లేటు చూడలేదు. నా మొహం చూసింది. "ఏం రాయాలె మేడం?" అంది.

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. "నా మొహం చూడకు. ప్లేటు చూసి చెప్పు."

వెనక ప్లేటు ఎత్తిన చప్పుడైంది.

"నల్లగున్నది మేడం. అంచులకు నీలం ఆనుతున్నది." ప్లేటు మళ్లీ బల్ల మీద పెట్టిన చప్పుడు. "ఆ రోజు గిట్ల కాలే. గట్లయితే నేను ముందుగాల రాసిందే కరెక్టు గదా మేడం?"

"అవును. నువ్వు రాసిందే నిజం. నాదే తప్పు," అన్నాను.

నేను వెనక్కి తిరిగేసరికి ఆమె తల్లి చేతిలోంచి ఫారం తీసుకుని బల్ల మీద పరిచి, సీఈసీ అన్నచోట వేలు పెట్టింది. నావైపు చెయ్యి చాపింది.

"పెన్నియ్యుండ్రి మేడం."

నా దగ్గర ఎర్ర పెన్ను ఒక్కటే ఉంది.