స్నానం అత్తయ్య

స్విమ్మింగ్ పూల్ దగ్గర, షవర్ల పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునే ఆవిడని అందరూ స్నానం అత్తయ్య అంటారు. పొద్దున్నుంచీ ఆవిడది ఒకటే పాట: "స్నానం చేసి దిగండి." "దిగేది నీళ్లలోకేగా, మళ్లీ స్నానమెందుకత్తయ్యా?" అని ప్రతి కుటుంబంలోనూ ఒక తండ్రి జోకేస్తాడు. ఆ జోకు తనే కనిపెట్టినట్టు నవ్వుతాడు కూడా. ఆవిడ నవ్వదు, షవర్ తిప్పుతుంది. ఎప్పుడూ తడిలో నాని ఆవిడ పాదాలు తెల్లగా ఉబ్బిపోయుంటాయి. పసిపిల్లలెవరైనా నీళ్లు పాడు చేస్తే విజిలేసి అందర్నీ బయటికి రప్పిస్తుంది. "ఎవరి పిల్లలండీ?" అని జనం ఎగబడితే మాత్రం "నేను చూళ్లేదు" అంటుంది. ఏ తల్లి పరువూ తీసెరగదు.

మొన్న ఆదివారం, అలిగి చాన్నాళ్లుగా మొహం చూపించని ఆవిడ కూతురు తన పిల్లని తీసుకొచ్చింది. పిల్లల తొట్టిలో మనవరాలి చుట్టూ నీళ్లు రంగు మారాయి. "అమ్మా, ఊరుకో. నా పరువు తీయకు" అని కూతురు గొణిగింది. ఆవిడ విజిలేసింది. జనమంతా పక్కనే చంటాణ్ణి ఎత్తుకున్న ఇంకో తల్లి మీద పడ్డారు. "నేను చూళ్లేదు" అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేసింది. "ఆమెననకండి. మా మనవరాలే" అంది.

కూతురు ఎవరి వంకా చూడకుండా తువ్వాళ్లు సంచిలో కుక్కుతోంది. పిల్ల తనంతట తనే షవర్ కింద నిలబడి, "స్నానం చేశా అమ్మమ్మా, దిగనా?" అంది.

"ఇవాళ్టికి చాల్లేమ్మా" అని షవర్ కట్టేసి, ఆవిడ తొట్టి కడిగే బ్రష్ అందుకుంది.